చుక్క

కలాచాలో నా మందుల కొట్టుకి తలుపు లేదు, గోనెపట్టా ఉంది.
చాల్బీ ఉప్పుగాలి దాన్ని తోసుకుని వచ్చి
డబ్బాల మీది తేదీలు కొరుక్కు తింటుంది.
అందుకే సరుకు రాగానే
గడువులన్నీ బొగ్గుతో గోడకెక్కిస్తాను.

దబాసో ఒంటె ఆ పొద్దున్న లేవలేదట.
కళ్ళ కింద తడి, వాలిపోయిన మూపురం.
ఈగ కుట్టి తెచ్చిన జ్వరం.
అతని గుప్పిట్లో పసుప్పచ్చ పొట్లం.
"బోరానావాళ్ళ ఆవులకి ఇదే కలిపి పొడిచారు,
మర్నాడు మేతకెళ్ళాయి."

పొట్లం లాక్కున్నాను.
ఒంటె అంటే మెడ సాగిన ఆవు కాదు, తాతా.
ఆవుని లేపిన మందే
దీన్ని మళ్ళీ లేవకుండా పడుకోబెడుతుంది.

"అయితే వేరేది పొయ్యి. ఎంత పోస్తావు?"
ముందు అదెంతుందో చూడనీ.

భుజం దాకా ఎత్తు,
రొమ్ము చుట్టు, మూపురం మీదుగా పొట్ట చుట్టు.
మూడూ గుణించి, యాభైతో హెచ్చవేసి
బిస్కెట్ల అట్ట మీద బరువు తేల్చాను.
బరువు నుంచి మందు.
అంకెలన్నీ కుదిరాక
పెన్ను గాల్లో ఆగిపోయింది.

చుక్క.

నా మొదటి ఏడాది, ఒకే ఒక్క చుక్క
ఒక గడి కుడికి జరిగింది.
ఎలేమా వాళ్ళ చూలు ఒంటె. పదింతలు.
వణుకుతూ నిలబడి నిలబడి
దీపాలవేళకి మోకాళ్ళ మీద కూలింది.
రోగం ముదిరిపోయిందన్నాను.
ఎలేమా నమ్మాడు.
మర్నాడు నా శ్రమకని ఇంకో ఒంటె పాలు పంపాడు.
తాగాను.

అప్పట్నుంచి సూది నింపేముందు
అంకెని మూడుసార్లు పైకి చదువుతాను.
వినేవాళ్ళు మంత్రం అనుకుంటారు.
అననిస్తాను.

రాత్రి చుక్కల్ని చూసి ఉప్పునేల దాటే మనిషి దబాసో,
అట్ట మీది చుక్కని మాత్రం
"నువ్వే చూడు" అని తల తిప్పుకున్నాడు.

సూది వేశాక అసలు మాట చెప్పాలి.
గోడ మీద గీతలు గీశాను, రోజుకొకటి.
ఇవి అయిపోయేదాకా దీని పాలు తాగకండి.
గీతల్ని చూశాడు. నన్ను చూశాడు.
"మరేం తాగాలి?"
డబ్బా మీద దానికి జవాబు రాయలేదు.

గోనెపట్టా ఎత్తి వెళ్ళబోతూ ఆగాడు.
"మా బొకాయోకీ ఒళ్ళు కాలుతోంది.
ఆ ఎర్రమూత సీసాలోంచి కాస్త ఇవ్వు.
మేకపిల్లంత ఉంటుంది, మేకపిల్లకి పోసినంతే పోస్తాను."

సీసా తిప్పి చూపించాను.
ఆవు బొమ్మ ఉంది, గొర్రె బొమ్మ ఉంది,
ఈ ఎడారిలో ఎవరూ చూడని పంది బొమ్మ కూడా ఉంది.
నీ మనవరాలు దీని మీద ఎక్కడా లేదు తాతా.

పిల్లని తెచ్చాడు.
మేకల్ని తూచే జోలె ఉతికి, ఆరకుండానే
అందులో కూర్చోబెట్టాను.
స్ప్రింగు కీచుమంది. ముల్లు ఊగి ఊగి నిలిచింది.
పదకొండు, చుక్క, నాలుగు.
ముంజేతి మీద పెన్నుతో రాశాను,
చుక్కని రెండుసార్లు దిద్దాను.
నేరుగా ఆసుపత్రికి పో, నర్సుకి ఈ చెయ్యి చూపించు.
ఇచ్చిన మందు ఆఖరిదాకా పట్టించు,
మిగిల్చి మరో జ్వరానికి దాచకు.

దబాసో నవ్వాడు.
"దాచకుండా ఈ నేల మీద బతికిందెవరమ్మా?"
నిజమే.
అయినా దాచకు, అన్నాను.

వారం తిరక్కుండా ఒంటె తనంతట తనే నడిచొచ్చింది,
వెనకాల పిల్ల పరుగెత్తుకొచ్చింది.
చేతిమీద అంకెలు చెరిగిపోయాయి,
చుక్క ఒక్కటే మిగిలింది.
జోలె చూసి చేతులు చాచింది, మళ్ళీ ఎక్కించమని.

ఎత్తుకున్నప్పుడు కనిపించింది,
పైపెదవి మీద ఆరిన పాలచార.

దబాసో ఒంటె చెవిలో ఏదో వెతుకుతున్నాడు.
గోడ మీద ఇంకా నాలుగు గీతలున్నాయి.

ముల్లు ఊగి నిలిచింది.
పదకొండు, చుక్క, ఆరు.
మూడుసార్లు పైకి చదివాను.